పూచీకత్తు కాగితాలలో ప్రజల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు తీరాన నార్త్ కరొలైనా అనే రాష్ట్రమున్నది. దాని ముఖ్యపట్టణం రాలీ. ఆ పట్టణంలోని రాష్ట్ర పత్ర భాండాగారంలో, బ్రిటిషు రాజుల పాలన నాటి పాత కోర్టు కాగితాలు పెట్టెల నిండా భద్రపరచబడి ఉన్నవి. వాటిలో రాజశాసనాలు లేవు, సేనాపతుల లేఖలు లేవు. ఒకడు పెండ్లి చేసుకొనదలచినాడు. ఒకడు బాటసారులకోసం పూటకూళ్ళ ఇల్లు పెట్టదలచినాడు. ఒకడు చనిపోయిన అన్న పిల్లల ఆస్తిని చూచుకొనడానికి ఒప్పుకున్నాడు. ఒక కమ్మరి తండ్రిలేని పిల్లవానిని తన కొలిమిలో పనికి కుదుర్చుకున్నాడు. ఇట్టి ప్రతి పనికి కోర్టు గుమాస్తా ఒక కాగితం వ్రాయించుకొని కట్టలో కట్టి దాచినాడు. ఆ కాగితమే బాండు. మన వాడుకలో దీనినే పూచీకత్తు అని, ముచ్చలిక అని అంటాము.

ఈ కాగితాలు వ్రాయించినవారికి చరిత్ర వ్రాయించాలనే ఉద్దేశం లేదు. ప్రభుత్వానికిగాని, పారిష్ నిధికిగాని, అనాథ పిల్లల సొత్తుకుగాని నష్టం రాకూడదన్నదే వారి చింత. అయితే డబ్బును కాపాడడానికి పుట్టిన ఈ కాగితాలే, తమ చేతితో ఒక్క అక్షరమైనా వ్రాసి ఉంచని వేలకొలది సామాన్యులకు నేడు సాక్ష్యంగా నిలిచినవి. ఆ సాక్ష్యం ఎట్లా పుట్టినది, దానిని ఎట్లా చదవాలి, ఇన్ని సంవత్సరాలు అది ఎట్లా నిలిచినది అన్న మూడు విషయాలు ఇక్కడ పరిశీలిద్దాం.

కౌంటీ కోర్టు

ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ 1663లో కరొలైనా ప్రాంతాన్ని ఎనిమిదిమంది ప్రభువులకు ధారాదత్తం చేసినాడు. 1729లో వారిలో ఏడుగురి భాగాలను రాజ్యం తిరిగి కొనుక్కున్నది. అప్పటినుండి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకొనేవరకు నార్త్ కరొలైనా రాజు పేర గవర్నరు పాలించిన వలస రాజ్యం. పాలన సౌకర్యంకోసం దానిని కౌంటీలుగా విభజించినారు. కౌంటీ అంటే సుమారుగా మన పాత తాలూకా వంటిదనుకోవచ్చు.

ప్రతి కౌంటీకి ఒక కోర్టు ఉండేది. అది సంవత్సరానికి నాలుగుసార్లు, అనగా మూడునెలలకొకసారి కూర్చునేది. న్యాయాధిపతులను జస్టిస్ ఆఫ్ ది పీస్ అనేవారు. వారిలో ఎక్కువమంది న్యాయశాస్త్రం చదివినవారు కారు. ఆ ప్రాంతపు భూస్వాములు. వారు విచారించినవి వ్యాజ్యాలు మాత్రమే కాదు. రోడ్లు వేయించడం, వంతెనలు కట్టించడం, పూటకూళ్ళ ఇండ్లలో భోజనానికి, పానీయాలకు, గుర్రపు దాణాకు ధరలు నిర్ణయించడం, వీలునామాలను రుజువు పరచడం, అనాథలను ఒకరికి అప్పగించడం ఇవన్నీ వారి పనులే. నేడు మనం సివిల్ కోర్టుకు, పంచాయతీకి, రెవిన్యూ కచేరీకి వేరువేరుగా వెళ్ళి చేయించుకొనే పనులన్నీ నాడు ఒకే గదిలో జరిగేవన్నమాట. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ కోర్టులు దాదాపు అదే తీరున నడిచి, 1868లో వచ్చిన కొత్త రాజ్యాంగంతో రద్దయినవి.

బాండు నిర్మాణం

బాండు ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో పుట్టిన ఒక తమాషా సాధనం. అందులో రెండు భాగాలుంటవి. మొదటి భాగంలో, ఒక మనిషి, అతనికి జామీనుగా నిలిచిన ఒకరిద్దరు, తాము ఫలానా మొత్తం రాజుకుగాని గవర్నరుకుగాని న్యాయాధిపతులకుగాని బాకీ ఉన్నామని ఒప్పుకుంటారు. నిజానికి వారు ఏమీ అప్పు తీసుకొనలేదు. రెండవ భాగంలో షరతు ఉంటుంది. ఫలానా పని సక్రమంగా జరిగినట్లయితే పై బాకీ చెల్లదు. జరగకపోతే పూర్తిగా చెల్లుతుంది. మొదట బాకీని సృష్టించి, తరువాత మంచి నడవడితో దానిని రద్దు చేసుకొమ్మని చెప్పడం ఇందులోని కిటుకు.

దీనివల్ల కోర్టుకు కలిగిన లాభం స్పష్టం. మాట తప్పినవానివల్ల ఎంత నష్టం వచ్చిందో సాక్ష్యాలతో రుజువు చేయడం కష్టమైన పని. బాకీ ఉన్నానని అతడే సంతకం చేసి ఉంటే ఆ కష్టం చాలావరకు తగ్గుతుంది. పైగా జామీనుదారు ఇరుగుపొరుగువాడో, బంధువో అయి ఉంటాడు. తన సొమ్ము పోతుందన్న భయంతో అతడే కాపలా కాస్తాడు. పోలీసు యంత్రాంగం లేని ఆ కాలంలో ప్రజలచేతనే ప్రజలకు కాపలా పెట్టించిన ఉపాయమిది.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. అదే ఇంగ్లీషు న్యాయం మన దేశానికి కూడా వచ్చినది. మైనరు ఆస్తికి సంరక్షకునిగా నియమించబడినవానినుండి కోర్టు బాండు కోరవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెపుతున్నది. వీలునామా లేక చనిపోయినవారి ఆస్తిని నిర్వహించడానికి కోర్టు అధికారపత్రం పొందినవారు జిల్లా జడ్జికి బాండు వ్రాసి ఇవ్వవలెనన్న నియమం 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఉన్నది. రాలీలోని పాత కాగితాలు, మన కోర్టులలోని ఈ కాగితాలు ఒకే చెట్టు కొమ్మలు.

ఎన్ని పనులు, అన్ని బాండ్లు

కౌంటీ కోర్టు కాగితాలలో పెండ్లి బాండ్లు ఎక్కువమందికి తెలిసినవి. 1741లో వచ్చిన చట్టం ప్రకారం, లైసెన్సు తీసుకొని పెండ్లి చేసుకొనదలచిన వరుడు ఒక జామీనుదారునితో కోర్టుకు వచ్చి బాండు వ్రాయవలెను. ఈ వివాహానికి న్యాయమైన అడ్డంకి ఏదైనా ఉన్నట్లు తరువాత తేలితే బాకీ చెల్లించవలెనన్నది షరతు. జామీనుదారు చాలాసార్లు వధువు తండ్రో, అన్నో, దగ్గరి బంధువో అయి ఉంటాడు. కనుక ఒక్క చిన్న కాగితంవల్ల రెండు కుటుంబాల సంబంధం తెలుస్తుంది. 1741 మొదలు 1868 వరకు నార్త్ కరొలైనాలో వ్రాసిన బాండ్లలో నేటికి మిగిలినవి 1,70,000కు పైగా ఉన్నవి. వాటికి అకారాది సూచిక తయారయినది.

పూటకూళ్ళ ఇంటి బాండు మరొక రకం. యజమాని బాటసారులకు పడకను, భోజనాన్ని, వారి గుర్రాలకు కొట్టాన్ని, దాణాను ఏర్పాటు చేయవలెను, జూదం ఆడనీయరాదు, ఆదివారం నాడు అవసరానికి మించి త్రాగనీయరాదు. ఇవి అందులోని షరతులు. ఏ దారి వెంట ఎన్ని ఇట్టి ఇండ్లున్నవో చూచి, నాటి ప్రయాణికులు ఏ మార్గాన నడిచేవారో చరిత్రకారులు ఊహించగలుగుతున్నారు.

మూడవది సంరక్షకుల బాండు. అనాథల ఆస్తిని చేతబట్టినవాడు దానిని హరించకుండా ఉండడానికి, సాధారణంగా ఆస్తి విలువకు రెండింతలుగా మొత్తం వ్రాయించుకొనేవారు. ఒక బాండులో 400 పౌన్లని ఉంటే ఆ పిల్లల ఆస్తి సుమారు 200 పౌన్లని లెక్క వేయవచ్చు. షెరీఫులు, పన్నులు వసూలు చేసేవారు, వంతెన కట్టే గుత్తేదారులు కూడా ఇదే తీరున బాండ్లు వ్రాసినారు.

తండ్రిలేని పిల్లలు

పై కాగితాలలో కనబడేవారు ఎంతో కొంత ఆస్తి ఉన్నవారు. ఇక మిగిలిన రెండు రకాలలో ఆస్తిలేనివారు కనబడతారు. ఈ కట్టల విలువంతా అక్కడనే ఉన్నది.

పెండ్లికాని స్త్రీకి బిడ్డ కలిగినట్లు, లేక కలుగనున్నట్లు తెలిస్తే, న్యాయాధిపతులు ఆమెను పిలిపించి ప్రమాణం చేయించి తండ్రి పేరు అడిగేవారు. ఆమె చెప్పిన మనిషి బాండు వ్రాయవలెను. ఆ బిడ్డ పోషణ భారం పారిష్‌పై పడకుండా తాను చూచుకుంటానన్నది షరతు. పారిష్ అంటే చర్చి పేర ఏర్పడిన స్థానిక విభాగం. పేదలను పోషించడానికి అది ప్రజల వద్ద పన్ను వసూలు చేసేది. ఇక్కడ కోర్టు కోరినది స్త్రీకి న్యాయం కాదు, పన్ను చెల్లించేవారికి రక్షణ. ఆమె పేరు చెప్పకపోతే జరిమానా ఆమెకే పడేది. అయినప్పటికీ, ఏ చర్చి పుస్తకంలోను తండ్రి పేరు లేని అనేకమంది బిడ్డల పుట్టుకకు నేడు లిఖిత నిదర్శనం ఈ ఒక్క కాగితమే.

రెండవది పనికి కుదిర్చిన పిల్లల బాండు. నాటి చట్టంలో అనాథ అన్న మాటకు అర్థం తల్లిదండ్రులిద్దరు లేనివాడని కాదు, తండ్రి లేనివాడని. తల్లి సజీవంగా, ఎదుటనే నిలిచి ఉన్నా, పోషించడానికి ఆస్తి లేదని తోస్తే కోర్టు పిల్లవానిని ఒక యజమానికి అప్పగించగలిగేది. బాలురు 21 ఏండ్లు నిండేవరకు, బాలికలు 18 ఏండ్లు నిండేవరకు యజమాని ఇంట ఉండవలెను. యజమాని వారికి తిండి, బట్ట, నీడ ఇచ్చి, పీపాలు చేయడమో, కమ్మరమో, చెప్పులు కుట్టడమో, బాలికలయితే నూలు వడకడమో నేత నేయడమో నేర్పవలెను. చదవడం వ్రాయడం కూడా నేర్పవలెనని 1762 నాటి చట్టం నిర్దేశించినది.

మంచి యజమాని దొరికిన పిల్లవానికి ఇది ఒక బ్రతుకుతెరువు. దొరకనివానికి చెర. వలస కాలం గడచిన తరువాత కూడా ఈ పద్ధతి మారలేదు. రాలీలో 1808లో పుట్టిన ఒక పేద బాలుడు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని దర్జీ పనికి కుదర్చబడినాడు. గడువు తీరకముందే, 1824లో, అన్నతో కలసి పారిపోయినాడు. వారిని పట్టి తెచ్చినవారికి 10 డాలర్లు బహుమానమిస్తానని యజమాని పత్రికలో ప్రకటించినాడు. ఆ బాలుడు ఆండ్రూ జాన్సన్. 1865లో అబ్రహాం లింకన్ హత్య జరిగిన తరువాత అమెరికా అధ్యక్షుడైనవాడతడే.

ఆఫ్రికా సంతతి పిల్లల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉండేది. తెల్లజాతి సేవకురాలికి ఆఫ్రికన్ తండ్రివలన కలిగిన బిడ్డ, తల్లి స్వతంత్రురాలు గనుక బానిస కాదు. కాని 1741 నాటి నార్త్ కరొలైనా చట్టం ప్రకారం ఆ బిడ్డ 31 ఏండ్లు వచ్చేవరకు యజమాని క్రింద పనిచేయవలెను. మనిషి బలంగా ఉండే వయస్సంతా అందులోనే గడచిపోతుంది. తరువాత 1838లో, నల్లజాతి పిల్లలకు చదువు చెప్పవలసిన బాధ్యతనుండి యజమానులను చట్టం విముక్తుల్ని చేసినది.

అయితే ఈ అన్యాయపు కాగితాలే ఆ కుటుంబాలకు మరొక విధంగా ఉపకరించినవి. పనికి కుదిర్చిన పిల్లవాని పేరు, వయస్సు, తల్లి పేరు అందులో ఉంటవి. బానిసకు ఇట్టి బాండు ఉండదు; కనుక ఆ కాగితంలో పేరుండడమే ఆ బిడ్డ పుట్టుకచేత స్వతంత్రుడనడానికి నిదర్శనం. పాల్ హైనెగ్ అనే పరిశోధకుడు వర్జీనియా, కరొలైనా కౌంటీ కోర్టుల పుస్తకాలను, కట్టలను ఒక్కొక్కటిగా వెదకి, స్వతంత్ర నల్లజాతి కుటుంబాల వంశక్రమాలను పునర్నిర్మించినాడు. ఆ ప్రాంతపు స్వతంత్ర నల్లజాతివారందరు యజమానులు దయతలచి విడిచిపెట్టిన బానిసల సంతతివారేనన్న అభిప్రాయం అంతకుముందు వ్యాపించి ఉండేది. వారిలో అనేక కుటుంబాలు వలస కాలంలోనే స్వతంత్ర స్త్రీల కడుపున పుట్టినవారి సంతతి అని ఈ పరిశోధన చూపినది. 1860 నాటి జనాభా లెక్కలలో నార్త్ కరొలైనాలో స్వతంత్ర నల్లజాతివారు 30,000కు పైగా ఉన్నారు. అంతమంది పూర్వీకుల కథ ఈ చిన్న కాగితాలపై ఆధారపడి ఉన్నదంటే వాటి విలువ ఊహించవచ్చు.

1865లో బానిసత్వం అంతమైన వెంటనే ఈ పద్ధతిని పాత యజమానులు మరల ప్రయోగించినారు. విముక్తి పొందిన తల్లిదండ్రులు ఎదుట ఉండగానే, వారి పిల్లలను కౌంటీ కోర్టులు తమ పాత యజమానులకే పనికి అప్పగించినవి. ఆంబ్రోజ్ అనే ఇంటిపేరుగల అక్కచెల్లెళ్ళ వ్యాజ్యం రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళినది. సంబంధించినవారికి తెలియపరచక, వారి మాట వినక చేసిన ఇట్టి ఒడంబడిక చెల్లదని 1867లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరమే కౌంటీ కోర్టులు కూడా అంతరించినవి.

చదివేటప్పుడు జాగ్రత్త

పాత కాగితం నిజమైనదే అయినా, దానిని తప్పుగా చదివే ప్రమాదమున్నది. మొదటి చిక్కు తేదీ. 1752కు పూర్వం ఇంగ్లండులోను, దాని వలసలలోను కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుచేత జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల కాగితాలపై 1738/39 అని రెండు సంవత్సరాలు కలిపి వ్రాయడం కద్దు. పాత లెక్కన అది 1738, కొత్త లెక్కన 1739. నార్త్ కరొలైనాలోని ప్రీసింక్టులనే విభాగాలకు కౌంటీలని పేరు మార్చిన సంవత్సరాన్ని కొన్ని పుస్తకాలు 1738 అని, కొన్ని 1739 అని చెప్పడానికి కారణమిదే. రెండూ నిజమే. 1752లో పంచాంగాన్ని సవరించినప్పుడు సెప్టెంబరు 2 తరువాతి దినాన్ని 14గా లెక్కించినారు. కనుక ఆ సంవత్సరం సెప్టెంబరు 8వ తేదీ వేసిన బాండు ఏదైనా కనబడితే దానిని అనుమానించవలసినదే.

రెండవ చిక్కు డబ్బు. వలస కాలపు పెండ్లి బాండ్లలో 50 పౌన్లు ప్రొక్లమేషన్ డబ్బు అని ఉంటుంది. 1704లో ఆన్ రాణి చేసిన ప్రకటన ప్రకారం, ఇంగ్లండులో 4 షిల్లింగుల 6 పెన్నీలు విలువచేసే స్పెయిను వెండి డాలరును వలసలలో 6 షిల్లింగుల వరకు చెల్లించుకోవచ్చు. అనగా వలసలలోని 133⅓ పౌన్లు ఇంగ్లండులోని 100 పౌన్లకు సమానం. ఈ లెక్కన 50 పౌన్ల ప్రొక్లమేషన్ డబ్బు ఇంగ్లండులో 37 పౌన్ల 10 షిల్లింగులే. ఈ భేదాన్ని మరచినవారి లెక్కలు తప్పుతవి.

మూడవది, కాగితం చెప్పని విషయాన్ని దానికి అంటగట్టకూడదు. పెండ్లి బాండు పెండ్లి జరిగినదనడానికి రుజువు కాదు. చేసుకొనే ఉద్దేశమున్నదనడానికి మాత్రమే రుజువు. లైసెన్సుకు డబ్బులేనివారు చర్చిలో ముందుగా ప్రకటన చదివించుకొని పెండ్లి చేసుకునేవారు. వారికి బాండు లేదు. బానిసల వివాహాన్ని చట్టం గుర్తించనే లేదు. కనుక వారి పెండ్లిండ్లు ఈ 1,70,000 బాండ్లలో లేవు. కాగితం లేనంతమాత్రాన మనుషులు లేకపోలేదు.

సంతకాలనుండి కూడా కొంత తెలుసుకోవచ్చు. వ్రాయడం రానివాడు అడ్డగీత వంటి గుర్తు పెట్టేవాడు. గుమాస్తా దాని ప్రక్కన పేరు వ్రాసేవాడు. సంతకాలెన్ని, గుర్తులెన్ని అని లెక్కించి ఆనాటి అక్షరాస్యతను అంచనా వేస్తారు. కెన్నెత్ లాక్‌రిడ్జ్ అనే చరిత్రకారుడు న్యూ ఇంగ్లండు వీలునామాలను ఈ విధంగా పరిశీలించి 1974లో ఒక గ్రంథం ప్రకటించినాడు. కాని ఈ కొలబద్దకు కూడా లోపాలున్నవి. నాడు పిల్లలకు ముందు చదవడం, తరువాత వ్రాయడం నేర్పేవారు. గుర్తు పెట్టినవాడు చదువగలవాడే కావచ్చు. బాండ్లపై స్త్రీల సంతకాలు చాలా తక్కువ గనుక వారినిగూర్చి ఈ లెక్క ఎక్కువగా ఏమీ చెప్పదు.

సిరా, కాగితం

ఇన్ని సంగతులు చెప్పే ఈ కాగితం రెండు మూడు శతాబ్దాలు ఎట్లా నిలిచినది? దీనికి సమాధానం రసాయనశాస్త్రంలో ఉన్నది.

నాటి సిరాను మాచికాయలతో తయారు చేసేవారు. మాచికాయలోని టానిన్‌ను నీటిలోనికి దింపి, దానిలో అన్నభేదిని, చిక్కదనానికి తుమ్మబంకను కలిపేవారు. అన్నభేది ఇనుముయొక్క లవణం. వ్రాసినప్పుడు సిరా పలుచని రంగులో ఉంటుంది. గాలిలోని ఆమ్లజని తగిలినకొలది ఇనుము ఆక్సీకరణం చెంది, టానిన్‌తో కలసి నల్లని పదార్థమై కాగితపు పోగులను పట్టుకుంటుంది. అందుకే ఈ సిరా తుడిచినా పోదు, కడిగినా పోదు. కోర్టు కాగితాలకు దీనినే వాడడానికి కారణమిది.

కాని ఇదే ప్రక్రియలో గంధకామ్లం కూడా పుడుతుంది. కాగితానికి బలాన్నిచ్చేది సెల్యులోజు అనే పదార్థపు పొడవైన అణుమాలలు. ఆమ్లం ఆ మాలలను ముక్కలు చేస్తుంది. మిగులుగా ఉన్న ఇనుము ఆక్సీకరణాన్ని మరింత వేగపరుస్తుంది. కొన్ని కాగితాలలో అక్షరాలున్నచోట చిల్లులు పడి, చుట్టూ ఉన్న ఖాళీ కాగితం మాత్రం చెక్కుచెదరక ఉండడం ఇందువల్లనే. వ్రాతను శాశ్వతం చేసిన సిరాయే వ్రాతను తినివేసినదన్నమాట.

అయితే నాటి కాగితం గట్టిది. అవిసెనార బట్టల పీలికలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జుతో చేసినది. దానిలోని సెల్యులోజు మాలలు పొడవైనవి. పందొమ్మిదవ శతాబ్దంలో కొయ్యగుజ్జుతోను, పటిక కలిపిన రాళ్ళపూతతోను చేసిన చౌక కాగితంలో ఆమ్లం మొదటినుండే ఉంటుంది. అందుచేత 1750లో వ్రాసిన బాండు నేటికి వంచితే వంగుతుంది. 1900లో అచ్చయిన వార్తాపత్రిక వంచితే విరుగుతుంది.

ఈ రహస్యాన్ని విప్పినవారిలో విలియం బారో ముఖ్యుడు. 1904లో జన్మించి 1967లో మరణించిన ఈయన, నార్త్ కరొలైనాకు పొరుగుననున్న వర్జీనియాలో పాత కౌంటీ పత్రాలను బాగుచేసే పనిలో జీవితం గడిపినాడు. కాగితాన్ని పాడుచేసేది ప్రధానంగా ఆమ్లమని గుర్తించి, దానిని విరుగగొట్టడానికి సున్నపుతేటను, కాల్షియం బైకార్బొనేట్ ద్రావణాన్ని వాడినాడు. తరువాత ఆ కాగితానికి రెండు వైపుల సెల్యులోజ్ ఎసిటేట్ అనే పారదర్శకమైన పొరను, పలుచని టిష్యూ కాగితాన్ని ఉంచి, వేడిచేసి యంత్రంతో నొక్కినాడు. అమెరికా తూర్పుతీరంలోని ఎన్నో కోర్టు పత్రాలకు ఈ చికిత్స జరిగినది.

సున్నపుతేట సిద్ధాంతం నిలిచినది, పొర నిలువలేదు. కాలం గడచినకొలది ఎసిటేట్ కూడా క్షీణించి ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుందని తేలినది. నేడు నిపుణులు కొన్ని కాగితాలనుండి ఆ పొరను ఎసిటోన్ వంటి ద్రావణులతో కరగించి తీస్తున్నారు. చిరుగులకు సన్నని జపాను కాగితాన్ని గోధుమ పిండి జిగురుతో అంటిస్తున్నారు. కావలసివస్తే దానిని నీటితో తడిపి తీసివేయవచ్చు. సిరాలోని మిగులు ఇనుమును కట్టివేయడానికి కాల్షియం ఫైటేట్ అనే పదార్థాన్ని వాడుతున్నారు. దీనికి మూలమైన ఫైటిక్ ఆమ్లం మన బియ్యపు తవుడులో కూడా ఉన్నది. చేసిన చికిత్సను అవసరమైతే తిరిగి తీసివేయగలిగి ఉండవలెనన్న నియమం ఈ అనుభవాలనుండే బలపడినది. రంగు వెలసిన వ్రాతను చదవడానికి అతినీలలోహిత కిరణాలు ఉపకరిస్తవి. ఆ వెలుగులో కాగితం మెరుస్తుంది. ఇనుప సిరా కిరణాలను పీల్చుకొని నల్లగా కనబడుతుంది.

నిప్పు, దొంగ, వ్యాపారి

ఆమ్లం నెమ్మదిగా తింటుంది. నిప్పు ఒక్కరాత్రిలో తింటుంది. అంతర్యుద్ధంలో వర్జీనియాలోని కొన్ని కౌంటీలు తమ కోర్టు పత్రాలను భద్రంగా ఉంటవని రిచ్‌మండు నగరానికి పంపినవి. 1865 ఏప్రిల్ 3న ఆ నగరం తగులబడినప్పుడు అవన్నీ బూడిదయినవి. ఊరిలోనే ఉంచుకున్న కొన్ని కౌంటీల కాగితాలు మిగిలినవి. నార్త్ కరొలైనాలోని హర్ట్‌ఫర్డ్ కౌంటీలో స్వతంత్ర నల్లజాతివారు అనేకులుండేవారు. అక్కడి కోర్టు భవనం 1830లో ఒకసారి, 1862లో మరొకసారి కాలిపోయినది. ఆ కాగితాలు పోవడంతో, కొన్ని కుటుంబాల పుట్టుకకున్న ఏకైక సాక్ష్యం కూడా పోయినది.

మిగిలినవి ఎవరి సొత్తు అన్న ప్రశ్న కూడా వచ్చినది. 1767, 1768 నాటి రెండు నేరారోపణ పత్రాలు ఒక పాతకాగితాల వ్యాపారి చేతికి చేరినవి. వాటిపై విలియం హూపర్ సంతకమున్నది. ఈయన 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ప్రముఖుడు గనుక వాటికి మంచి వెల పలుకుతుంది. అవి కోర్టు పత్రాలని, తనకు చెందుతవని రాష్ట్రం దావా వేసినది. రాజు పేర నడిచిన కోర్టు పత్రాలకు వారసుడు రాష్ట్రమేనని, ప్రభుత్వం సమ్మతించి ఇస్తే తప్ప అవి ప్రైవేటు వ్యక్తి సొత్తు కావని నార్త్ కరొలైనా అత్యున్నత న్యాయస్థానం 1977లో తీర్పు చెప్పినది. వ్యాపారి దృష్టిలో ఆ పత్రం విలువ దానిపై ఉన్న ప్రముఖుని సంతకం. కట్టలో తన స్థానంలో ఉన్నప్పుడు మాత్రం దాని విలువ ముందు వెనుకల కాగితాలతో దానికున్న సంబంధం. ఒక కాగితం కట్టనుండి విడిపోతే ఆ సంబంధం తెగిపోతుంది.

నార్త్ కరొలైనా 1903లో చారిత్రక సంఘాన్ని స్థాపించి, కౌంటీలలో మూలుగుతున్న పాత కాగితాలను క్రమంగా రాలీకి చేర్చినది. వాటిని శుభ్రం చేసి, మడతలు విప్పి, కౌంటీవారీగా, రకంవారీగా, సంవత్సరంవారీగా అమర్చి, సూక్ష్మచిత్రాలు తీసినారు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. తమ పూర్వీకులను వెదుక్కుంటూ వచ్చేవారికి వందల సంవత్సరాల క్రిందటి ఒక తల్లి పేరు, ఆమె బిడ్డ వయస్సు, ఆ బిడ్డను తీసుకొనిపోయిన యజమాని పేరు ఒకే కాగితంపై కనబడతవి.

ఆ తల్లి మాట మాత్రం ఆ కాగితంలో లేదు. గుమాస్తా ఆమెను అడుగలేదు. చట్టానికి ఆమె సమ్మతితో పని లేదు. ఆమె పేరు కూడా, పిల్లవాడు ఎవరి బిడ్డ అని గుర్తుపట్టడానికి మాత్రమే వ్రాసినారు. ఆ ఒక్క గుర్తే ఆమె సంతతివారికి నేడు తమ వంశపు మొదటి పుటగా మిగిలి ఉన్నది.